తోడికోడళ్ల బేకరీలో మూడో మాట

బస్టాపు ఎదురుగా ఉన్న ఆ బేకరీకి బోర్డు మీద ఏదో పేరుంది కానీ, అందరూ తోడికోడళ్ల బేకరీ అనే అంటారు. పెద్ద కోడలు లోపల పిండి పిసికి ఓవెన్ చూసుకునేది, చిన్న కోడలు ముందు కౌంటర్ దగ్గర కూర్చునేది. వీళ్ల మొగుళ్లు, ఆ అన్నదమ్ములిద్దరికీ వేరే ఉద్యోగాలున్నాయి. కొట్టు జోలికి రారు, వచ్చినా వీళ్లు రానివ్వరు.

ఇద్దరికీ పడని విషయం ఒక్కటే, ఏ రోజు ఎంత కాల్చాలన్నది.

"అరలు నిండుగా ఉంటేనే జనం లోపలికొస్తారే" అనేది పెద్దామె.

"సాయంత్రం ఆ మిగిలినవన్నీ చెత్తబుట్టలో వేసేది నేను కదక్కా, ఆ బాధ నాకు తెలుసు" అనేది చిన్నామె.

తెల్లారిందంటే ఇదే గోల. చివరికి చిన్నామె విసిగిపోయి ఫోనులో ఏఐని అడగడం మొదలుపెట్టింది. ఏం అమ్ముడైందో, ఏం మిగిలిందో, ఎండో వానో, కొట్టు కట్టేసేముందు దానికి చెప్పేది. అది మర్నాటికి ఒక అంచనా ఇచ్చేది.

"మన కొట్టు సంగతి ఆ డబ్బాకేం తెలుసే?" అని పెద్దామె ఒంటికాలి మీద లేచింది.

ఆవిడన్నట్టే అది మొదట్లోనే బొక్కబోర్లా పడింది. వానొస్తుంది, జనం రారు, తక్కువ కాల్చమంది. వాన రానే వచ్చింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా తడవకుండా బేకరీలోకి దూరారు. ఊరికే నిలబడితే బాగుండదని తలా ఒకటి కొన్నారు. మధ్యాహ్నానికే అరలు ఊడ్చిపెట్టినట్టయ్యాయి. పెద్దామె సంబరం ఇంతా అంతా కాదు.

"అడుగు, దాన్నే అడుగు ఇప్పుడు. పిండి కూడా అదే పిసుకుతుందేమో!"

"మన ముందు బస్టాపుందని నేను చెప్పలేదక్కా. చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది?"

ఆ మాట పెద్దామెకు ఎక్కడో తగిలింది. చెప్పాలంటే తన దగ్గర బోలెడుంది. పరీక్షలప్పుడు పిల్లలు తీపి బన్నులు ఎగబడి కొంటారు, వీధి చివర మిల్లుకి సెలవైతే పొద్దుటి బేరం పడిపోతుంది. "ఇది కూడా చెప్పవే దానికి" అని లోపలినుంచి అరవడం మొదలుపెట్టింది. మెల్లగా అంచనాలు కుదురుకున్నాయి, చెత్తబుట్ట తేలికపడింది.

అలాంటప్పుడు ఒక హాస్టల్ మేనేజర్ వచ్చాడు. రోజూ పొద్దున్నే హాస్టలంతటికీ బ్రెడ్డు కావాలన్నాడు. పెద్దామె మొహం వెలిగిపోయింది. అక్కడికక్కడే సరే అనబోతుంటే చిన్నామె అడ్డుపడి, రేపు చెప్తామని పంపించింది.

తర్వాత ఫోను బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పింది. అది అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఓవెన్లో ఒక్కసారికి ఎన్ని పడతాయి, పిండి ఎవరు పిసుకుతారు, చేత్తోనా మిషనుతోనా అని ఒక్కొక్కటే అడిగింది. ఆపైన ఇంకోటి అడిగింది.

"పిండి పిసికేవారు కొన్నాళ్లు ఆ పని చెయ్యలేకపోతే ఆర్డరు ఎలా నడుస్తుంది?"

చిన్నామె నవ్వేసింది. "మా అక్కకేమవుతుంది? గుండ్రాయిలా ఉంటుంది" అంటూ పక్కకు చూసింది. పెద్దామె నవ్వలేదు. కుడిచెయ్యి ఒళ్లో దాచుకుని కూర్చుంది.

"అక్కా?"

"ఏం లేదులే."

"చెయ్యి ఇలా ఇవ్వు."

మణికట్టు వాచి ఉంది. ముట్టుకోగానే పెద్దామె కళ్లలో నీళ్లు తిరిగాయి. చలికాలం నుంచీ నొప్పేనట. ఎడంచేత్తో, మోచేత్తో ఎలాగో నెట్టుకొస్తోందట.

"నాకొక్క మాట చెప్పొద్దా?"

"చెప్తే ఓవెన్ దగ్గరికి రానివ్వవని... ఆ పని తప్ప నాకింకేం వచ్చే?"

చిన్నామె ప్రాణం ఉసూరుమంది. రోజూ ఎన్ని బన్నులు మిగిలాయో ఫోనుకు పూసగుచ్చినట్టు చెప్పేది. గోడ అవతలి మనిషిని ఎలా ఉన్నావని అడగాలని ఒక్కసారీ తోచలేదు.

కాస్త తేరుకుని ఇద్దరూ మళ్లీ ఫోను ముందు కూర్చున్నారు. ఆర్డరంతా తీసుకుంటే, సగం తీసుకుంటే, అసలు వద్దంటే ఏమవుతుందో అది విడమరిచి చెప్పింది. ముందు చెయ్యి డాక్టరుకు చూపించమంది. "నీకంటే ఎక్కువ సతాయిస్తోందే ఇది" అని గొణుగుతూనే పెద్దామె డాక్టరు దగ్గరికెళ్లింది. నిర్ణయం మాత్రం ఇద్దరూ కలిసి తీసుకున్నారు: సగం ఆర్డరే, అదీ పిండి కలిపే పాత మిషనొకటి కొన్నాకే. మేనేజర్ మొహం ముడుచుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు లోపల చిన్నామె, మిషను. కౌంటర్ దగ్గర పెద్దామె, మణికట్టుకు పట్టీతో. వచ్చినవాళ్ల మంచీచెడూ అన్నీ కనుక్కుంటూ కూర్చుంటుంది, దాంతో వరస వీధిలోకి సాగుతుంది.

"త్వరగా కానివ్వక్కా!" అని లోపలినుంచి కేక.

"నీ ఓవెన్ నువ్వు చూసుకోవే, అడుగు మాడుతున్న వాసన వస్తోంది!"

చాలాసార్లు నిజంగానే మాడుతూ ఉంటుంది.