వేసుకోవాలి, వేసుకోకూడదు

మా నాన్నది వాచీలు బాగుచేసే పని. మెట్ల కింద గదిలో కొట్టు. కుడికంటికి భూతద్దం బిగించుకుని, నువ్వుగింజలో సగముండే స్క్రూను ఎత్తి పెడుతుంటే పక్కన ఎవరూ తుమ్మకూడదు. ఒకసారి అమ్మ తుమ్మితే ఇద్దరూ మధ్యాహ్నమంతా నేలమీద పాకారు.

యాభై నాలుగో ఏట కళ్లజోడు మార్పించుకుందామని వెళ్తే, కంటిలోపల ఒత్తిడి పెరిగిందని డాక్టరమ్మ చెప్పింది. "నొప్పి ఉండదు. చూపు అంచుల్నించి పోతూ వస్తుంది. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలవాలంటే ఈ చుక్కలు రోజూ వేసుకోవాలి, జీవితాంతం."

ఆ చివరి మాట నాన్నకు మింగుడుపడలేదు. మర్నాడు పొద్దున నాతో, "నొప్పే లేనిదానికి జీవితాంతం మందేంటమ్మా? కాస్త ఫోన్లో చూడు," అన్నాడు. నాకు ఆఫీసుకు టైమవుతోంది. నోటితో అడిగితే ఫోనే వెతికిపెడుతుందని నేర్పి వెళ్లిపోయాను. దానికి బదులు ఆ రెండు చుక్కలూ నేనే వేసి వెళ్లాల్సింది.

చుక్కలతో గుండె కొట్టుకునే వేగం తగ్గిపోతుందని ఒకచోట, రెప్పలు నల్లబడతాయని ఇంకోచోట. ఒక డాక్టరు మానొద్దంటే, తెల్లకోటు తొడుక్కున్న మరొకాయన అసలు ఆ మందే కళ్లు తీస్తుందన్నాడు. ఒకటి చూస్తే దాని కింద పది. వాచీ విప్పితే ఏ చక్రం దేన్ని తిప్పుతుందో చెప్పగల మనిషి కదా, అన్నీ చూస్తే ఎక్కడో పొంతన కుదురుతుందనుకున్నాడు. నోటుబుక్కులో రెండు వరుసలు గీశాడు: వేసుకోవాలి, వేసుకోకూడదు.

"ఏమండీ, చుక్కలు," అనేది అమ్మ.

"ఉండవే, ఇదొక్కటి చూడనీ."

"చూస్తూనే వేసుకోండి."

"కళ్లలో మందేసుకుంటూ ఎలా చూస్తానే?"

అప్పుడు ముగ్గురం నవ్వుకున్నాం.

రెండ్రోజులు వేసుకునేవాడు, పదిరోజులు మానేసేవాడు. మళ్లీ రమ్మన్న తారీఖులు రెండు దాటిపోయాయి. అన్నీ తెలుసుకుని వెళ్తేనే ఏం అడగాలో తెలుస్తుందట.

పద్నాలుగు నెలలకు, గుమ్మం చెక్కకు ఎడమ భుజం కొట్టుకున్నాడు. మర్నాడు మళ్లీ అక్కడే. అప్పుడు నేనే లాక్కెళ్లాను. మిషన్లో గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు బటన్ చప్పుడే లేదు.

"ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అన్నాడు నాన్న.

మిషన్ దగ్గరున్న అమ్మాయి నావైపు చూసింది.

ఎడమకన్ను దాదాపు పోయింది. కుడికంట నడిమధ్య కాస్త మిగిలింది, అదీ మసకగా. నాన్న నోటుబుక్కు తీసి డాక్టరమ్మ ముందు పెట్టాడు. "ఇందులో ఏది నిజమో టిక్కు పెట్టండి. నావల్ల కాలేదు."

ఆవిడ తిట్టలేదు. నాలుగు పేజీలు తిప్పి, "చాలావరకు ఏదో ఒక మందుకు, ఎవరో ఒకరికి నిజమేనండీ," అంది. "మీకు సంబంధించింది మాత్రం ఆరోజు చీటీలో రాసిచ్చాను."

ఉన్న కాస్త చూపూ నిలపడానికి ఆపరేషన్ చేశారు. నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు. ఇప్పుడు అమ్మ పొద్దునా సాయంత్రం చుక్కలు వేస్తుంది, నాన్న వెంటనే తల వెనక్కి వాలుస్తాడు. కొట్టు ఖాళీ చేశాం.

మొన్న పాత కస్టమరొకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన తెచ్చిన వాచీని నాన్న చెవి దగ్గర పెట్టుకుని, కీ రెండు చుట్లు తిప్పి విన్నాడు.

"మురికి పట్టిందండీ, ఇంకేం లేదు. పది నిమిషాల పని," అని ఆయన చేతికే తిరిగి ఇచ్చేశాడు. "ఎక్కడైనా చేయించుకోండి."