సీటు కింద ఆంజనేయుడు

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. నేను సైకిల్ మీద నుంచి పడిన కథ మా ఉప్పల్ కాలనీలో తెలియనివాళ్లు లేరు. నేనే చెప్పాను. పెళ్లిళ్లలో చెప్పాను, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చెప్పాను, ఒకసారి లిఫ్ట్ ఆగిపోతే లోపల ఇరుక్కున్న నలుగురికీ చెప్పాను. వాళ్లకు పారిపోయే దారి కూడా లేదు పాపం. చెప్పిన ప్రతిసారీ జనం పడిపడి నవ్వారు. చెప్పిన ప్రతిసారీ నేను అందులో ఒక ముక్క మింగేశాను. ఐదేళ్లుగా మింగుతున్న ఆ ముక్కను ఇవాళ కక్కుతున్నాను.

ఈ కథలో ఒక సైకిల్ విరుగుతుంది. నా ఒంట్లో పదిమందికీ చూపించుకోలేని చోట తొమ్మిది కుట్లు పడతాయి. ఒక మంచి మనిషి పేరు పాడవుతుంది. మొదటి రెండూ ఎప్పుడో బాగయ్యాయి.

నాచారంలో ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో నాది తనిఖీ ఉద్యోగం. తయారైన పార్టును అటూ ఇటూ తిప్పి చూసి, వెంట్రుకవాసి లోపం కనబడితే దాని మీద ఎర్ర రంగు చుక్క పెట్టి పక్కన పడేయాలి. ఇరవై ఏళ్లు ఇతరుల చేతిపనిలో తప్పులు పట్టి జీతం తిన్నవాడికి, తనకూ రెండు చేతులున్నాయనీ, వాటితోనూ తప్పులు జరుగుతాయనీ తోచదు. నాకు అసలే తోచలేదు.

నలభై రెండో ఏట పొట్ట నాకంటే ముందు గదిలోకి రావడం మొదలుపెట్టింది. అప్పుడే మూర్తిగారి ఆదివారం గుంపులో చేరాను. మూర్తిగారు రైల్వేలో రిటైరైన పెద్దమనిషి. ఆయన వెనకాల పాతికమంది కొండలెక్కే సైకిళ్ల మీద తిరిగేవాళ్లు. ఉప్పల్‌లో కొండలెక్కడివని అడక్కండి, మా రోడ్లకు ఆ సైకిళ్లు కూడా తక్కువే. వాళ్లలో ముగ్గురివి కార్బన్ సైకిళ్లు. కార్బన్ అంటే నల్లటి సన్నని పోగుల్ని జిగురుతో అంటించి ఆరబెట్టిన సరుకు. ఇనుము కంటే గట్టిది, అప్పడం కంటే తేలిక. సరిగ్గా పట్టుకుంటే ఇనుములా ఉంటుంది, లేకపోతే అప్పడంలా ఉంటుంది. ఈ రెండో సంగతి నాకు తర్వాత తెలిసింది.

కంపెనీ సైకిల్ కొనే తాహతు లేదు. అందుకని చైనా నుంచి చవక పార్టులు విడివిడిగా తెప్పించి, నేనే బిగించుకుందామని నిర్ణయించాను. మూడు నెలలపాటు వారానికో పొట్లం వచ్చింది.

"ఈసారి ఏమొచ్చిందండీ?" అని మా ఆవిడ సుజాత.

"హ్యాండిల్."

"పోయిన వారం వచ్చిన గొట్టం?"

"సీటు కింద పెట్టేది."

"మొత్తం సైకిల్ ఒకేసారి ఇచ్చే కొట్లన్నీ మూసేశారా?"

"ఇది కార్బన్ సుజాతా! మొత్తం బిగించాక చిటికెన వేలితో ఎత్తొచ్చు."

"సైకిల్ తొక్కడానికా, ఎత్తడానికా?"

వీడియోలు చూసి నేనే బిగిస్తానన్నాను గానీ, నాలుగు రోజులకు హాలంతా సైకిల్ ఆసుపత్రిలా తయారైంది. అన్నీ ఒక గోనెసంచిలో వేసుకుని సత్తెన్న దగ్గరికి వెళ్లాను.

సత్తెన్న జనగామ వైపు నుంచి వచ్చినవాడు. నాచారం ఫ్యాక్టరీలకు వెళ్లే దారిలో ఆయన సైకిల్ షాపు. ముప్పై ఏళ్లు కూలీల సైకిళ్లకు పంక్చర్లు వేశాడు. ఆ మధ్య మూర్తిగారి సైకిల్ ఒకసారి బాగుచేసి పెట్టడంతో గుంపంతా ఆయన దగ్గరికే వెళ్లడం మొదలైంది. చూసి చూసి గేర్ సైకిళ్ల పని మొత్తం పట్టేశాడు. నేను వెళ్లిన రోజుకు షాపు మీద కొత్త బోర్డు: 'సత్తయ్య సైకిల్ వర్క్స్', దాని కింద ఎర్రటి అక్షరాలతో 'గేర్, కార్బన్ సైకిళ్లు బిగించబడును'. రంగు ఇంకా వాసన వస్తోంది. నాతో మాట్లాడుతూనే దాని వంక మూడుసార్లు చూసుకున్నాడు.

రెండు రోజుల్లో నా గోనెసంచి సైకిలైంది. ఇచ్చేటప్పుడు సీటు గొట్టం చూపించి అన్నాడు.

"సార్, గీ పైపుకు గ్రీజు పెట్టకుండ్రి. నేను దీని పేస్ట్ పెట్టిన. సీటు మీదికి కిందికి చెయ్యాల్నంటే నా దగ్గరికి తీస్కరాండ్రి. గిది జర నాజూకు సరుకు. నా దగ్గర కొలత పానా ఉన్నది. ఎంత బిగియ్యాల్నో గంతకు రాంగనే టక్కుమంటది. టక్కుమంటే ఆపాలె. గంతే."

"నాకు చెప్తావా సత్తెన్నా? మాది తనిఖీ డిపార్టుమెంటు."

"గందుకే చెప్తున్న సార్," అన్నాడు నవ్వుతూ.

ఇంటికి తెచ్చి నా అలవాటు ప్రకారం తనిఖీ మొదలుపెట్టాను. సీటు గొట్టం బయటికి లాగి చూస్తే ఏముంది? దాని నిండా గరుగ్గా, ఇసుక! పార్టు మీద ఇసుక రేణువు కనబడితే మా ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ను పిలిపిస్తాం. "చూశావా సుజాతా, ఎంత అశుభ్రంగా పనిచేశాడో! ఇందుకే మన చేత్తో మనం చూసుకోవాలి" అని ఆ ఇసుకంతా సబ్బునీళ్లతో కడిగాను. పాత బనియన్‌తో తుడిచాను. ఫ్యాక్టరీ నుంచి టిఫిన్ గిన్నెలో తెచ్చిన మేలురకం గ్రీజును, దోసెకు నెయ్యి రాసినంత ప్రేమగా రాశాను.

అయ్యలారా, అమ్మలారా, అదే సత్తెన్న చెప్పిన పేస్ట్. కార్బన్ గొట్టం జారకుండా పట్టు ఉండాలని అందులో గరుకు పొడి కలుపుతారు. నేను పట్టును కడిగేసి జారుడు రాశాను.

ఇక చూడండి. ఉప్పల్‌లో బయల్దేరేటప్పుడు ఒంటె మీద ఉండేవాణ్ణి. హబ్సిగూడ చేరేసరికి గాడిద మీద. తిరిగి ఇంటికొచ్చేసరికి మేకపిల్ల మీద, మోకాళ్లు చెవులకు తగులుతూ. సత్తెన్న దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్తే గ్రీజు పెట్టానని తెలుస్తుంది. తనిఖీ అధికారికి పరువు ముఖ్యం కదా! దసరాకు ముందు రోజు సాయంత్రం, పానాకు ఇనుప గొట్టం తొడిగి, దాని మీద నా బరువంతా వేసి, ఇక జన్మలో జారకూడదని బిగించాను.

టక్.

సన్నగా, పొడిగా, అప్పడం విరిగినట్టు. వంగి చూశాను. బిగింపుకు కాస్త పైన, గొట్టం మీద వెంట్రుకంత గీత. ఆ గీత ఫ్యాక్టరీలో కనబడితే ఎర్ర చుక్క పెట్టడానికి నాకు రెప్పపాటు పట్టదు. ఇక్కడ ఏం చేశానో తెలుసా? కిరాణా కొట్టుకెళ్లి ఆంజనేయస్వామి స్టిక్కర్ కొన్నాను. గీత కనబడకుండా గొట్టం చుట్టూ అంటించాను. గురివిందకు తన కింద నలుపు తెలియదంటారు. నాకు తెలుసు. దాని మీద స్టిక్కర్ కూడా అంటించాను.

మర్నాడు ఆయుధపూజ. స్కూటర్‌తోపాటు సైకిల్‌కూ దండ వేసింది సుజాత. నిమ్మకాయలు పెట్టింది. స్టిక్కర్ చూసి ముఖం చిట్లించింది.

"దేవుణ్ణి సీటు కిందా అంటిస్తారు?"

"గాలికొడుకు కదా, వేగం వస్తుందని."

ఆమె చెంపలు వేసుకుని, స్వామి మీద గుండ్రంగా కుంకుమ బొట్టు పెట్టింది. సరిగ్గా గీత ఉన్న చోట. ఎర్ర చుక్క. ఇరవై ఏళ్ల సర్వీసులో అంత సరైన చోట నేను కూడా పెట్టలేదు.

ఆ ఆదివారం గుంపంతా ఉప్పల్‌లో మామూలుగా కలిసే టీకొట్టు దగ్గర చేరింది. పీర్జాదిగూడ అవతలి మట్టిరోడ్ల మీదికి ప్రయాణం. సత్తెన్న కూడా వచ్చాడు. తాను బిగించిన సైకిళ్లన్నీ వెళ్తున్నాయి మరి, పెళ్లికూతురి తండ్రిలా తిరుగుతూ ఒక్కో సైకిల్‌నూ తడిమి చూస్తున్నాడు. నా దగ్గరికొచ్చి ఆగాడు.

"గిదేంది సార్, ముడ్డి కింద దేవుణ్ణి పెట్టిన్రు? పాపం గాదా? తీసి ముంగట పెడ్త ఆగుండ్రి."

నా గుండె పెడల్ మీద పడింది. "వద్దు వద్దు! పూజ చేశాక కదపకూడదన్నారు అయ్యగారు."

సత్తెన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. స్టిక్కర్‌ను వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు. "సరే సార్. స్వామే చూస్కుంటడు."

స్వామి చూసుకున్నాడు. పీర్జాదిగూడ దాటాక, కొత్త అపార్టుమెంట్ల పక్కన లారీలు తొక్కి పాడుచేసిన దారిలో ఒక గుంత. నేను ఎగిరాను. దిగేసరికి సీటు లేదు. తిరుగుతున్న వెనక చక్రం ఉంది. దాని మీద కూర్చున్నాను. నేను అరిచిన అరుపుకు కట్టడం మీద తాపీ మేస్త్రీలు పని ఆపి కిందికి చూశారు. తర్వాత నేను బోర్లా, నా మీద సైకిల్, పక్కన సీటు, సీటుకు వేలాడుతూ సగం ఆంజనేయుడు.

మూర్తిగారు పరిగెత్తుకొచ్చారు. "గొట్టం తెగిపోయిందయ్యా! ఎవరు బిగించారిది?"

నేను మూలిగాను.

"సత్తయ్యేనా?"

మళ్లీ మూలిగాను.

అంతే. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఈ మూలుగే నేను ఇన్నేళ్లూ మింగిన ముక్క. మూర్తిగారు దాన్ని సాక్ష్యంగా రాసుకున్నారు. "పంక్చర్లు వేసేవాడి చేతికి కార్బన్ ఇస్తే ఇంతే" అని ఎవరో అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, బిగించడం రాక నేను మెకానిక్‌ను ఓడు చేశాను.

దవాఖానాలో బోర్లా పడుకుని ఉంటే సాయంత్రం సత్తెన్న వచ్చాడు. చేతిలో కొబ్బరిబోండం. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సార్, నా చెయ్యి ఎక్కడ తప్పిందో సమజైతలేదు. పొద్దుగాల గూడ చూసిన. మాఫ్ జెయ్యుండ్రి సార్."

అప్పుడైనా చెప్పాల్సింది. గదిలో సుజాత ఉంది, మూర్తిగారు ఉన్నారు. నా తొమ్మిది కుట్లూ సలుపుతున్నాయి. నేను తల కొంచెం పైకెత్తి, ఎంతో ఉదారంగా అన్నాను: "పర్లేదులే సత్తెన్నా. మనిషన్నాక పొరపాటు చేస్తాడు."

క్షమించాను. నేను. ఆయన్ని. "మీ మనసు వెన్న" అన్నారు మూర్తిగారు. సత్తెన్న దండం పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాత గుంపులో ఒక్కరూ ఆయన షాపుకు వెళ్లలేదు. కొన్నాళ్లకు ఫ్యాక్టరీకి వెళ్తూ చూశాను. బోర్డు మీద రెండో వరుసకు తెల్లరంగు వేసేశాడు. కింద నుంచి ఎర్ర అక్షరాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఐదేళ్లపాటు నేను రోడ్డుకు అవతలి పక్కన వెళ్లాను.

పోయిన నెలలో నా స్కూటర్ వెనక టైరు సరిగ్గా ఆయన షాపు ముందే పంక్చరైంది. తప్పించుకోవడానికి లేదు. నన్ను చూసి నవ్వాడు, కుర్చీ వేశాడు. పంక్చర్ వేసి, చక్రం ఎక్కించి, నట్టు బిగించాడు. మళ్లీ విప్పి బిగించాడు. పానా పెట్టి మూడోసారి చూశాడు. అప్పటికీ లేవలేదు.

"జర మీరు గూడ చూడుండ్రి సార్. మంచిగ బిగిసిందా?"

"నువ్వు చూశావుగా సత్తెన్నా."

"చూసిన. గానీ నా చెయ్యి మీద నాకు యకీన్ లేదు సార్. మీరు పడ్డకాడికెల్లి గిట్లనే. ఎవ్వరిది బిగించినా, వాళ్లు ఇల్లు జేరెదాంక పాణం కొట్టుకుంటది."

నేననుకున్నదేమిటి? ఆయన పేరు పోయింది, గిరాకీ పోయింది, అంతే అనుకున్నాను. ముప్పై ఏళ్లు అన్నం పెట్టిన తన చేతిని తానే నమ్మకుండా చేశానని నాకు తెలియదు. ఆ కుర్చీలో కూర్చుని అంతా చెప్పేశాను. ఆయన చేతిలో పానా అలాగే ఉంది. ఒక్కొక్కటిగా అడిగాడు, నా డిపార్టుమెంటులో నేనడిగినట్టే.

"గా పేస్ట్ కడిగిన్రా?"

"కడిగాను."

"గ్రీజు పెట్టిన్రు."

"పెట్టాను."

"టక్కుమన్నదా?"

"అంది."

"మీరు ఇన్నరు."

"విన్నాను సత్తెన్నా."

తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి దవాఖానల నన్ను మాఫ్ జేసిన్రు గద సార్. గా మాఫీ ఏం జెయ్యాలె? వాపస్ దీస్కుంటరా?"

పక్కన టీ తాగుతున్న ఆటో అతను ఫక్కున నవ్వాడు. సత్తెన్న నవ్వలేదు. నా జీవితంలో నన్ను అంత సూటిగా ఎవరూ కొట్టలేదు. ఏదో అనబోయాను.

"నాకు జెప్తే ఏం ఫాయిద సార్?" అన్నాడు. "నేనే తప్పు జేసిన్నని ఎవ్వరితోని అనిపించిన్రో, ఆళ్లకు చెప్పుండ్రి."

మొన్న ఆదివారం అదే టీకొట్టు దగ్గర, మూర్తిగారూ గుంపూ చూస్తుండగా, ఐదేళ్లు అటకమీద దాచిన విరిగిన గొట్టం తీసి బల్ల మీద పెట్టాను. సగం ఆంజనేయుడు, మాసిపోయిన బొట్టు, దాని కింద ఎండిన గ్రీజు. సత్తెన్న కొంచెం ఎడంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కథ చెప్పాను, ఈసారి ఏ ముక్కా మింగకుండా. ఎవరూ పడిపడి నవ్వలేదు. మూర్తిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

టీకొట్టు స్టవ్ మీది అగ్నిసాక్షిగా ప్రమాణం కూడా చేశాను: ఇకమీదట పానా ముట్టను, గ్రీజు డబ్బా మూత తీయను, ఇంట్లో పచ్చడి సీసా మూత కూడా నేను బిగించను, సుజాతే బిగిస్తుంది. ఏ దేవుడి స్టిక్కరూ ఏ గీత మీదా అంటించను.

ఆ తర్వాత సత్తెన్న వైపు తిరిగాను. ఐదేళ్లుగా అద్దం ముందు ఎన్ని మాటలు తయారుచేసుకున్నానో, అవేవీ రాలేదు. వచ్చింది ఇదొక్కటే:

"సత్తెన్నా, ఆ రోజు నిన్ను క్షమించినందుకు నన్ను క్షమించు."