రబ్బరు చేప

మొన్న టీవీలో సముద్రం అడుగున జరిగే సినిమా ఒకటి వచ్చింది. ఈమధ్యే అక్షరాలు నేర్చిన నేను దాని పేరు కూడబలుక్కునేలోపే, "రబ్బరు చేప అమ్మమ్మా, చెత్త సినిమా" అని మనవరాలు ఛానెల్ మార్చేసింది. ఆ పచ్చటి నీళ్లకు మా నాయన గుర్తొచ్చాడు.

నాయన చేపలకని వెళ్లి గోదావరి వరదలో పోయాడు. శవం దొరకలేదు, కొట్టుకుపోతుండగా ఎవరూ చూడలేదు. అందుకని పెద్దమనుషులు దినాలు చేయనివ్వలేదు. అమ్మ రోజూ ఆయన కంచంలో అన్నం పెట్టి మూత వేసేది.

ఆ ఏడు మిరప కోతలయ్యాక ఆసామి కూలీలను ట్రాక్టర్ మీద భద్రాచలానికి ఇలాంటి సినిమాకే తీసుకెళ్లాడు. అమ్మ రాలేదు. దారిలో మేస్త్రి నా గడ్డం పట్టుకుని, "మీ నాయన నీళ్లల్లనే ఉన్నడు గదే పోరీ. ఇయాల బొమ్మల కనవడతడు, మంచిగ చూడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నమ్మాను.

తెర మీద ఇనుప టోపీల మనుషులు నీళ్లలో తిరిగారు. టోపీ తీసిన ప్రతివాడి ముఖం చూశాను. ఎవరూ నాయన కాదు. ఒక్కణ్ణి మాత్రం టోపీ తీయకముందే పెద్ద చేప మింగేసింది. "నాయనా!" అని అరిచాను. హాలంతా ఈలలు వేసింది.

"థూ, రబ్బరు చేపకు ఇంతదూరం వచ్చినమా" అని తిరుగుదారంతా తిట్టుకున్నారు.

ఇంటికొచ్చి, "నాయనను చేప మింగింది. నేను చూసిన" అన్నాను. అమ్మ చెంప పగలగొట్టింది. కాసేపటికి దగ్గరకు లాక్కుని అడిగింది.

"ఏమన్న అన్నడా బిడ్డా?"

"నీళ్లల్ల ఇనవడలే."

సినిమా అంటే ఏమిటో అమ్మకు బాగా తెలుసు. అయినా మర్నాడు మళ్లీ దినాల మాటెత్తి, పెద్దమనుషులు "ఎవలు చూసిండ్రు?" అంటే, నన్ను ముందుకు తోసి, "నా బిడ్డ చూసింది" అంది.