రామకోటి రాసినట్టు రాసుకున్న ప్యాచ్

రైళ్లు ఆగిపోయి, బస్సులు డిపోల్లో పడుకున్న ఆ ఉద్యమ రోజుల్లో మా స్టేషన్ ఘన్‌పూర్‌లో తీరిక తప్ప నాకన్నీ కొరతే. బడికి పోకుండా ఇంట్లోనే బాపు (నాన్న) దగ్గర చదువుకున్నదాన్ని. (ఏది చదవాలన్నా ముందు చేత్తో రాసుకోవాలన్నది బాపు పద్ధతి, కాబట్టి నోటుబుక్కులూ కొరతే.) ఆ చదువుతోనే కంప్యూటర్ పట్టుకుని, ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఉచితంగా రాస్తున్న ఒక ఎమ్యులేటర్ పనిలో చేరాను. ఎమ్యులేటర్ అంటే మరేం లేదు, ఒక కంప్యూటర్ లోపల కూర్చుని, నేను ఇంకో ప్రాసెసర్‌నని వేషం వేసే ప్రోగ్రాం. నన్ను చేర్చుకున్నందుకు ఆ కనబడని మనుషుల పేరున రోజూ దీపం దగ్గర దండం పెట్టుకునేదాన్ని.

వాళ్లలో ఒకాయనను మేం ఇంట్లో 'గడ్డం సారు' అనేవాళ్లం. (ఫొటోలో ఆయన గడ్డం బొడ్డు దాకా ఉండేది.) ఆయన ఒకరోజు ఒక ప్యాచ్, అంటే ప్రోగ్రాంలో కలపాల్సిన కొత్త ముక్క, పంపాడు. వేషం వేసిన ప్రాసెసర్ ఏ మెమరీ పేజీని ఎక్కడ పెట్టుకుందో జాబితాగా చూపించి, తప్పులు వెతికేవాళ్లకు సాయపడే మార్పు అది. ఎవరైనా చూసి పెట్టమన్నాడు. అడిగితే కాదనడం నాకు రాదు. రామకోటి రాసినంత శ్రద్ధగా, ఒక్క బ్రాకెట్టు కూడా జారిపోకుండా మొత్తం నోటుబుక్కులోకి ఎక్కించాను. రాయడమే చూడడమనుకున్నాను. 'ఇంత మంచి పని చేసినందుకు మీకూ మీ ఇంటివాళ్లకూ కృతజ్ఞతలు' అని మెయిల్ రాసి, కింద సమీక్షించినట్టు నా పేరు పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే జవాబు: 'సంతోషం. ఈ సాయంత్రమే కలిపేస్తున్నాను. పేజీలు చోటు మారినప్పుడు కూడా జాబితా సరిగ్గా వస్తోంది కదా? నడిపి చూశారు కదా?' నడపలేదు. అది కలిస్తే, ఆ జాబితాను నమ్మినవాళ్లందరినీ నా పేరే దారి తప్పిస్తుంది. జవాబు మొదలుపెట్టేలోపే కరెంటు పోయింది. మా ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ పేరుకే.

వంటింట్లో కూలబడ్డాను. "ఏందే, గట్ల కూసున్నవ్? పానం బాగలేదా?" అంది అమ్మ.

"చూడకుండనే చూసిన అని పేరు పెట్టిన అమ్మా."

"మరి గిప్పుడు చూడు. కండ్లున్నయ్ కదా."

కరెంటు లేకపోయినా నోటుబుక్కు ఉంది. అమ్మ డబ్బాలనే మెమరీ అనుకున్నాను, వాటిలో సరుకులే పేజీలు. ఏ డబ్బాలో ఏముందో ఒక చీటీ మీద రాసుకున్నాను. ప్రాసెసర్ కూడా మాటిమాటికీ వెతుక్కోకుండా ఇలాంటి చీటీ ఒకటి దగ్గర పెట్టుకుంటుంది. సరుకులు అటూ ఇటూ మార్చమంటే అమ్మ కందిపప్పు తీసి ఆ డబ్బాలో బెల్లం వేసింది. ప్యాచ్‌ను వరుస వరుసగా వేలు పెట్టి చదువుతూ, అది చెప్పినట్టే చేస్తూ పోయాను. అది డబ్బా తెరవనే తెరవడం లేదు. నా పాత చీటీ చూసి ఇంకా కందిపప్పే అంటోంది!

"మూత తియ్యకుండనే పప్పున్నదని చెప్పుడేంది?" అంది అమ్మ. "గడ్డం సారు గూడ నీ లెక్కనే ఉన్నడు."

చౌరస్తాలో ఉద్యమం వాళ్ల వంటావార్పు నడుస్తోంది. మైకు కోసం జనరేటర్ పెట్టారు. ల్యాప్‌టాప్, డేటా కార్డు పట్టుకుని ఇద్దరం ఉరికాం. నడిరోడ్డు మీద అన్నం వారుస్తున్న ఒక అక్క నన్ను చూసి, "ఏమమ్మా, ఊరంత పని బంద్ పెడితే నువ్వు పని పట్టుకొచ్చినవా?" అంది.

"జీతం లేని పని అక్కా. పొద్దుగూకక ముందే ఒక తప్పు ఒప్పుకోవాలె. జర కరెంటియ్యుండ్రి."

"తప్పు ఒప్పుకోనీకి గిట్ల ఉరికొచ్చెటోళ్లను నేనైతే యాడ చూడలే!" అని నవ్వి, ఆమె మైకు వైపు కేకేసింది. "ఓ తమ్మీ, నీ ఉపన్యాసం జర ఆపు, పిల్లకు ప్లగ్గు కావాలె!" ఉపన్యాసం ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. (నాకోసమో, ఆగినందుకో.)

అందరూ చూస్తుండగా రాశాను: చూడకుండానే పేరు పెట్టాను, తీసేయండి, ఇప్పుడు చూశాను, తప్పు ఇదీ. విస్తరిలో పప్పు పడేలోపే జవాబు వచ్చింది. 'ఆపేశాను. పేజీలు మారే సందర్భం నేనూ నడిపి చూడలేదు. మీరు చూశారు కదా అని ధైర్యపడ్డాను.'

అక్కకు చదివి వినిపించాను. "ఇద్దరు ఇద్దరే!" అని ఇంకో గరిటె పప్పు వేసింది.

దేవుడి దయవల్ల ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాను. ఇప్పుడు నడిపి చూశాకే పేరు పెడతాను. అయినా తప్పులు తప్పవు. నాది దొరికినప్పుడు ముందు తలుపు వేసుకుంటాను, ఎలా రాస్తే పరువు నిలుస్తుందా అని మూడుసార్లు దిద్దుకుంటాను. ఊరి మధ్య కూర్చుని, తప్పయిందని ఒక్క గుక్కలో టైపు కొట్టేసి, చేయి కడుక్కుని హాయిగా అన్నం తిన్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.