పినాంగులో తాంబూలం

మా పెద్దమావ సన్నాయి ఎత్తితే అరసవల్లి రథసప్తమికి వచ్చిన జనం దర్శనం వరస వదిలేసి మేళం చుట్టూ మూగేవారు. మేనల్లుణ్ణి కాబట్టి చెప్పుకుంటున్న గొప్ప కాదిది. వరస చెదిరిందని గుడివాళ్ళు మమ్మల్ని తిట్టడం నేను చెవులారా విన్నాను. ఆయన సన్నాయి, చిన్నమావ రెండో సన్నాయి, నాది డోలు.

అరవయ్యో దశకం చివర్లో మాకు మలయా నుంచి పిలుపొచ్చింది. ఆ దేశం అప్పటికి మలేసియా అయిపోయినా మా శ్రీకాకుళం వైపు జనానికి మలయాయే. రబ్బరుతోటల పనికని మా వైపు నుంచి ఓడెక్కి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పినాంగులో రకరకాల దేశాల వాద్యాలతో సంగీతోత్సవం జరుగుతుంటే, మన సన్నాయి కూడా వినపడాలని అక్కడి తెలుగు సంఘంవాళ్ళు పట్టుబట్టి మమ్మల్ని రప్పించారు.

సరిగ్గా అప్పుడే పెద్దమావకి పైవరస ముందుపళ్ళు కదలడం మొదలైంది. సన్నాయి ఊదేవాడికి ముందుపళ్ళు పోతే విద్య పోయినట్టే. పెదవి నిలవదు, ఊపిరి పక్కల నుంచి జారిపోతుంది. అత్త ఆయనకి గంజి, మెత్తటి అన్నం తప్ప ఇంకేమీ పెట్టడం మానేసింది.

"ఈ ఒక్కపాలి ఆ జనం ముందర ఊదీసి వస్తాను. ఆ తరవాత రాలిపోతే పోనీ," అన్నాడు మావ. తనకి ఫలానాది కావాలని ఆయన నోటెంట నేను విన్నది అదొక్కటే. ఎలాగైనా ఈయన అక్కడ ఊదాలి దేవుడా అని నేనూ దండం పెట్టుకున్నాను.

మద్రాసులో ఓడెక్కిన దగ్గర్నుంచి చిన్నమావకి ఒకటే వాంతులు. క్షేమంగా దింపితే కొబ్బరికాయ కొడతానని రామతీర్థం రాముడికి మొక్కుకుని, సముద్రం ఎగిరినప్పుడల్లా కాయలు పెంచుకుంటూ పోయాడు. పెద్దమావ మాత్రం పళ్ళకి గాలి తగలకూడదని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని అన్నీ సైగలతోనే కానిచ్చాడు. నేను డోలుని పసిబిడ్డలా చూసుకుంటూ, తేమకి తోలు వదులు కాకుండా ఎండ ఎటుంటే అటు జరుపుతూ కూర్చున్నాను.

ఉత్సవం సముద్రం ఒడ్డున పెద్ద మైదానంలో. మా తరవాత చీనావాళ్ళ సింహం ఆట ఉంది. వేదిక వెనక వాళ్ళ డోలువాడు నా డోలుని వేలితో తట్టి నవ్వాడు. నేను వాళ్ళ డోలుని తట్టాను. అతను ఒక దరువు వేస్తే నేను దాన్ని తిప్పి కొట్టాను. ఒక్క మాట తెలియకుండానే ఇద్దరం చుట్టాలమైపోయాం.

మా వంతు వచ్చింది. వేదికెక్కి కూర్చున్నాం. శ్రుతి మోగుతోంది. మావ సన్నాయి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఒక కుర్రవాడు మైకు తెచ్చి ఆయన ముఖం ముందు నిలబెట్టాడు. మావ దాన్ని పక్కకి నెట్టి చేతులు కట్టుకున్నాడు. సంఘం కార్యదర్శి అక్కడే పుట్టి పెరిగిన మంచిమనిషి. ఏం తక్కువైందో తెలియక పరుగున వచ్చి ప్లాస్టిక్ పూలదండ వేశాడు, ఐసు వేసిన షరబత్తు ఇచ్చాడు. మావ నవ్వుతూ రెండూ పక్కన పెట్టాడు.

నేను ఆయన వైపు వంగాను. "ఏటి మావా, పన్నేటైనా ఊడిపోనాదా?" అన్నాను మెల్లగా.

"పన్ను బాగానే ఉన్నాది. తాంబూలం ఏదిరా?"

మా మేళానికి అదొక కట్టడి. ఆకూ వక్కా చేతిలో పెట్టి అడిగితేనే శుభకార్యానికి సన్నాయి ఎత్తుతాం. తాంబూలం లేకుండా ఎత్తేది శవం ముందర మాత్రమే. అది నాకూ తెలుసు. కానీ ఇంతదూరం వచ్చి, అన్ని వేలమంది ముందర కూర్చుని ఇదేం పట్టుదలని నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది పరాయి దేశం మావా. ఈళ్ళకేటి తెల్సు?"

"ఈళ్ళకి తెల్దు. నాకు తెల్సు కదేటి? పిల్లా జెల్లాతోటి సల్లగా కూకున్న జనం మీద సావుమేళం ఊదమంతావేట్రా?"

నేను వెళ్ళి కార్యదర్శి చెవిలో వేశాను. పాపం, ఆయన మైదానం చుట్టూ ఉన్న అంగళ్ళన్నీ తిరిగొచ్చాడు. సేమ్యాలు, బుడగలు, ఐసుక్రీములు అన్నీ ఉన్నాయట, తమలపాకు ఒక్కటే లేదట. ఈలోగా ఉత్సవంవాళ్ళు గడియారం చూసుకుంటున్నారు. పక్కన సింహం తల తొడుక్కుని సిద్ధంగా నిలబడింది. ఇక మమ్మల్ని దింపేస్తారని నాకు ఏడుపొచ్చేసింది. కార్యదర్శి ఏమీ తోచక మైకు అందుకుని, "ఎవరి దగ్గరైనా తాంబూలం ఉందా?" అని తెలుగులో అరిచాడు.

మైదానంలో సగం మంది నవ్వారు. ఆ నవ్వుల మధ్య నుంచి, "ఉన్నాది బాబూ, ఉన్నాది! వస్తన్నాను!" అని అచ్చం మా ఊరి గొంతు వినిపించింది. తోటల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, బొడ్డు సంచి విప్పుకుంటూ, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఆకులు కొంగుతో తుడిచి, వక్క పెట్టి, రెండు చేతులతో మావకి అందించింది. ఆయన లేచి నిలబడి అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

అప్పుడు ఎత్తాడు సన్నాయి. పన్ను, పెదవి, ఊపిరి ఏ ఒక్కటీ ఆయన్ని మోసం చెయ్యలేదు. మాకిచ్చిన సమయం దాటిపోయినా ఎవరూ ఆపలేదు. సింహం తన తల తీసి పక్కన పెట్టేసింది, చీనా డోలువాడు తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నాడు. అంత సంతోషం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు.

కిందికి దిగేసరికి ముసలమ్మ మెట్ల దగ్గరే నిలబడి ఉంది.

"తాంబూలం ఇచ్చినోల్లదే కదా బాబూ మేళం?"

"అవునమ్మా, నీదే. ఏ కార్యానికి ఎత్తమంతావో సెప్పు," అన్నాడు మావ.

"నా పెళ్ళికి."

మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. తల్లి వేలు పట్టుకుని ఓడెక్కి వచ్చిందట. పెళ్ళినాడు కూడా తోటలో సెలవివ్వలేదు. పని దిగాక పుస్తె కట్టించుకుని, తెల్లారగానే పసుపుకాళ్ళతో రబ్బరుపాలు తియ్యడానికి పోయిందట.

"మేళం నేదు. మేళం నేని పెళ్ళేటని మాయమ్మ సచ్చిందాకా ఏడిసినాది."

మర్నాడు సంఘంవాళ్ళ లారీలో వాళ్ళ తోటకి వెళ్ళాం. పెళ్ళికొడుకు సిగ్గుపడి ఇంటి వెనక దాక్కుంటే మనవలు రెక్కపట్టి లాక్కొచ్చారు. తెల్లజుట్టులో పూలు పెట్టుకుని ముసలమ్మ, కొత్త లుంగీలో ముసలాయన, ముందు మేము, కూలీల ఇళ్ళ వరసల మధ్య ఊరేగింపు. చూసేవాళ్ళు బియ్యం చల్లుతూ, పడీపడీ నవ్వుతూ మా వెంట నడిచారు. మావ ఊదిన ఆఖరి పెళ్ళి అదే.

వరసల చివర, రబ్బరుచెట్లు మొదలయ్యే చోట మేళం ఆగింది. ముసలమ్మ ఒక్కతే రెండడుగులు ముందుకి వేసి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని చెట్లలోకి గట్టిగా కేకేసింది.

"అమ్మా! ఇన్నావేటే? మేళం వచ్చినాదే!"