క్రిస్మస్‌కి నీళ్లు మరిచిన ఇల్లు

మా చిన్నప్పుడు... గుమ్మఘట్ట దగ్గర మా ఊళ్లో, క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం అమ్మ కడవ మూత తీసి అలాగే నిలబడిపోయింది. అడుగున చెంబెడు నీళ్లు కూడా లేవు!

గోడలకు సున్నం కొట్టాం. వెదురు పుల్లలు వంచి, రంగు కాగితాలు అంటించి నాయన నక్షత్రం కట్టాడు. కొత్త బట్టలు కుట్టించి తెచ్చుకున్నాం, అత్తిరసాలు డబ్బాకెక్కాయి... అన్నీ గుర్తున్నాయి, నీళ్లు తప్ప!

మాకు కొళాయి రెండు మూడు రోజులకొకసారి వచ్చేది. ఆ రోజు వచ్చిందట. వచ్చేసరికి మా వీధి వీధంతా చర్చిలో తోరణాలు కడుతోంది. బిందె పట్టడానికి ఒక్కరంటే ఒక్కరు లేరు. ఊరి బయట బోరు ఉంది గానీ, ఆ ఉప్పు నీళ్లు గిన్నెలు కడగడానికే పనికొచ్చేవి.

అమ్మ దిగులు వంటకు కాదు... లక్ష్మక్క గురించి.

లక్ష్మక్క పై వీధి మనిషి. అమ్మా ఆమే కలిసి కూలికి పోయేవాళ్లు, ఒకే చేనులో వేరుశనక్కాయలు పీకేవాళ్లు. అయినా మా ఇంట్లో మంచినీళ్లు తాగేది కాదు. ఆ రోజుల్లో పై వీధివాళ్లెవరూ మా వీధి ఇళ్లల్లో తాగేవాళ్లు కాదు. ముందటేడు పండక్కి వచ్చి, గడప బయటే నిలబడి, పెట్టింది కొంగున కట్టుకొని పోయింది. ఆ రోజంతా అమ్మ ముద్ద ముట్టలేదు. ఈసారి మాత్రం "లోపలికొచ్చి కూర్చొని తినాల" అని అమ్మ ఒట్టు పెట్టి మరీ పిలిచింది.

తెల్లారి ఆరాధన అయ్యి ఇంటికొచ్చాం. కాసేపటికి లక్ష్మక్క వచ్చింది... చంకలో నిండు బిందెతో.

అమ్మ ముఖం వాడిపోయింది. "ఏమక్కా... నీ నీళ్లు నువ్వే తెచ్చుకుంటివా?" అంది.

"నాకేంటికి తెచ్చుకుంటా మార్తమ్మా! నిన్న కొళాయొచ్చినప్పుడు మీ వీధిలో నరపురుగు లేకపాయ. పండగపూట వీళ్లు ఏం తాగుతారప్పా అని ఇంకో బిందె పట్టిపెట్టినా. జరుగు, జరుగు..."

గడప దాటి లోపలికి వచ్చి, బిందెడు నీళ్లూ మా కడవలో వంపేసింది. చాప మీద చతికిలబడింది.

"ఇంగ దాంట్లోంచే ఒక చెంబు ముంచియ్యి. దప్పికైతాండాది."

అమ్మ ఇచ్చింది. లక్ష్మక్క ఎత్తి పోసుకోలేదు... చెంబు కరుచుకొని, గటగటా తాగింది. అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది. పొగ అని మాతో చెప్పింది గానీ, అప్పటికింకా పొయ్యి వెలిగించనేలేదు!

ఇప్పుడు అనంతపురంలో మా ఇంటికి క్యాన్ నీళ్లొస్తాయి. నక్షత్రం ఫోన్లో నొక్కితే గుమ్మంలోకొస్తుంది. పండక్కి వచ్చేవాళ్లు మంచివాళ్లే, ప్రేమగానే వస్తారు... కానీ ఎవరి సీసా వాళ్ల చేతిలో ఉంటుంది. ఇన్నాళ్లకు మళ్లీ అందరూ ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకుంటున్నారు.

నేను మాత్రం ముందు రోజే కడవ నింపి, పక్కన ఆ పాత చెంబు బోర్లిస్తాను. అడిగేవాళ్లు లేక అది అలాగే ఉంటుంది...

మీ ఇంట్లో పండగపూట అలా చెంబు అడిగి తాగిన మనిషి ఎవరు? పేరు గుర్తుంటే ఇక్కడ ఒక్కసారి తలుచుకోండి...