ఆపిల్ గుజ్జుకు పోపు

ఆ రోజుల్లో నా దృష్టిలో లోకంలోని తిండంతా రెండే రకాలు: పోపు పెట్టినది, పోపు పెట్టడం మరిచిపోయినది. ఆ తెలివితోనే కెనడాలోని ఎడ్మంటన్‌లో మొదటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, తోటి తెలుగు కుర్రాడొకడితో కలిసి ఒక స్విస్ పెద్దావిడ ఇంట్లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నాను. అక్కడ మైక్రోవేవ్ తప్ప మరేమీ లేదు. బ్రెడ్డూ నూడుల్సూ తిని నాలుక చచ్చిపోయి, పైన వంటింట్లో స్టవ్ వాడుకోనివ్వమని ఓనరమ్మను బతిమాలితే, "ఒక నెల చూస్తాను. ఇల్లంతా వాసన రాకూడదు" అంది. ఆ నెలంతా నేను వండిన పప్పు జ్వరం పథ్యంలా ఉండేది (వాసన లేకుండా వండడమంటే మాటలా?).

నెలాఖరు ఆదివారం ఆవిడ ఆడపడుచు భోజనానికి వస్తోంది. స్విట్జర్లాండ్‌లో పుట్టినా ఆడపడుచు ఆడపడుచేనని ఓనరమ్మ మొహం చూస్తేనే తెలిసిపోయింది. పొద్దున్నుంచీ ఒకే గరిటెను మూడుసార్లు తుడిచింది. ఆ పూట వాళ్ల అత్తగారి నాటి వంట: మకరోనీలో బంగాళదుంప ముక్కలు (అన్నంలో అన్నం కలుపుకున్నట్టు), బోలెడంత చీజూ క్రీమూ, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు, నంజుకోవడానికి ఆపిల్ గుజ్జు. బట్టలు మార్చుకోవడానికి వెళ్తూ, "ఆ గుజ్జు అడుగంటకుండా కలుపుతూ ఉండు. నువ్వూ మాతోనే తినాలి" అని నాకు గరిటె అప్పగించింది.

కలుపుతూ రుచి చూశాను. ఉప్పు లేదు, కారం లేదు. పాపం, కంగారులో మరిచిపోయిందనుకున్నాను. పచ్చడి నేను దిద్దిపెడితే, స్టవ్ ఇక నాదే. వెంటనే కింద ఉన్న రూమ్మేట్‌కి ఫోన్ చేసి పోపులడబ్బా తెప్పించాను.

"టెస్ట్ చేయకుండా డైరెక్ట్‌గా ప్రొడక్షన్‌లో పెడతావేందిరా? ఆమె నిన్ను అడిగిందా?" అన్నాడు వాడు.

"డబ్బా ఇచ్చి పోరా బాబూ. ఆవిడే థాంక్స్ చెప్తారు చూడు."

ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిర్చి, ఇంగువ పడగానే స్మోక్ అలారం గగ్గోలు పెట్టింది. బయట మైనస్ ముప్పై. పొగ పోవాలని వీధి తలుపు బార్లా తీస్తే, గుమ్మంలో ఆడపడుచు నిలబడి దగ్గుతోంది. ఓనరమ్మ ఒక చెవికే పోగు పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

బల్ల దగ్గర ఆడపడుచు ఒక చెంచా గుజ్జు నోట్లో పెట్టుకుని, గ్లాసెడు నీళ్లు తాగి, "మా అమ్మ ఇలా చేసేది కాదు" అంది, ఇంగ్లీషులోనే, నాకూ అర్థం కావాలని. నా పని అయిపోయిందనుకున్నాను. ఓనరమ్మ నా వైపు చూడనైనా చూడకుండా, "ఈసారి నేనే కొత్తగా చేశాను" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ లేచి, ఫ్రిజ్‌లో మిగిలిన పాత గుజ్జు తెచ్చి అందరికీ వడ్డించింది. ఉప్పుప్పగా ఉన్న ఆ చీజు మకరోనీకి చల్లటి తీపీ పులుపూ తగలగానే, నేను నోరు మూసుకుని మారు వడ్డించుకున్నాను. ఆవిడ మరిచిపోయింది ఏమీ లేదు.

చుట్టం వెళ్లాక, "ఇక స్టవ్ ముట్టుకోవద్దు" అంది. తలూపాను. "ఆదివారాలు మాత్రం పైకొచ్చి తిను."

ఇరవై మూడేళ్ల ఆ అతితెలివి కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. వాడు ఒక్క విషయంలో మాత్రం బుద్ధిగా ఉన్నాడు. ఆ ఇంట్లో ఉన్న రెండేళ్లూ ఆదివారాలు ఆవిడ చేతి వంట తిన్నాడు గానీ, స్టవ్ మాట మళ్లీ ఎత్తలేదు, ఆవిడ ఎక్కడ సరే, ఇక నువ్వే వండుకో అంటుందోనని.